వెఱ్ఱికుక్క కాటు - కుందేలి సాక్ష్యము



ఘోరవ్యాధులకు మందు కనుగొనుటలో చిన్నజంతువులు మానవునకు చేసిన సాయమును గూర్చి నేడు నేను మనవి చేయదలచితిని. ఇది మిక్కిలి విశాలమైన విషయము. అన్నిటిని పైపైని తడవుటకంటె ఒక్క వ్యాధి చరిత్రను మొదటినుండి చెప్పుట మేలని తోచినది. పల్లెవారందఱు ఎఱిగినదియు, నేటికిని ప్రాణములు తీయుచున్నదియు అగు వెఱ్ఱికుక్క కాటును అందులకై యెన్నుకొంటిని. ఈ చరిత్రలో కథానాయకుడు పారిసు నగరమునందలి పాశ్చరు పండితుడని లోకము చెప్పును. అది నిజమే. కాని ఆ పండితుని పక్షమున నిలిచి సాక్ష్యము పలికినది మాత్రము కుందేలు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మన సుశ్రుతుడు తన సంహితయందలి కల్పస్థానమున దీనిని వర్ణించి, నీటిని చూచి భయపడు ఆ దశకు జలత్రాసమని పేరు పెట్టి, అది కనబడినచో రోగి జీవింపడని చెప్పెను. కాటు గాయము మానిపోవును. ఇంటిల్లిపాదియు దానిని మఱచిపోదురు. వారములకో నెలలకో ఒకనాడు ఆ మనుష్యునకు నీటిచెంబును చూచినంతనే గొంతు బిగిసికొనిపోవును. దాహము దహించుచుండును గాని గుక్కెడు నీరు లోనికి దిగదు. గాలి సోకినను ఉలికిపడును. తెలివి యుండియే యాతనపడి కొలది దినములలో ప్రాణము విడుచును. సుశ్రుతుని నాటినుండి నేటివఱకు ఈ దశ వచ్చిన పిమ్మట బ్రతికినవారు ప్రపంచమంతటను వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే.

ఇట్టి వ్యాధికి వేలయేండ్లు మందు దొరకకుండుటకు కారణమేమి? మందులు లేక కాదు, మందులు మిక్కుటమై. పసరులు, మంత్రములు, కాల్చిన యినుముతో వాతలు, గాయముపై సున్నము, కారము - ప్రతి దేశమునను ప్రతి యూరను ఏదో ఒకటి యుండెను. "కుక్క కాటుకు చెప్పుదెబ్బ" యని మనకొక సామెతయే కలదు. ఈ చికిత్సలన్నిటికిని "వానికి నయమైనది, వీనికి నయమైనది" అని చెప్పు సాక్షులును ఉండిరి. వారు అబద్ధమాడినవారు కారు. కఱచిన ప్రతికుక్కయు వెఱ్ఱిది కాదు. నిజముగ వెఱ్ఱికుక్క కఱచినను ప్రతివానికిని వ్యాధి రాదు. గాయము ఎక్కడ తగిలినది, ఎంత లోతైనది, నడుమ బట్ట అడ్డముండెనా యనుదానిని బట్టి కొందఱు తప్పించుకొందురు. అట్లు తప్పించుకొన్న ప్రతివాని పుణ్యమును మంత్రము వేసినవాని ఖాతాలో జమపడెను. చనిపోయినవానిది మాత్రము కర్మమనిరి.

కావున మొదట కావలసినది మందు కాదు. ఈ కుక్క నిజముగ వెఱ్ఱిదా, ఈ మందు నిజముగ పనిచేసినదా యని తేల్చిచెప్పగల పరీక్ష కావలెను. ఆ పరీక్షను మనుష్యునిపై చేయరాదు. కుక్కపై చేయుట ప్రాణాపాయము. దానికి వ్యాధి పట్టుటకు వారములు నెలలు పట్టును. పట్టిన పిమ్మట అది గొలుసు తెంచుకొని పరిశోధకుని కఱవవచ్చును.

క్రీ. శ. 1804లో జర్మనుదేశమున జింకే అను నతడు వెఱ్ఱికుక్క చొంగను తీసి మంచి కుక్కకు గాటు పెట్టి పూసి వ్యాధి పుట్టించెను. వ్యాధిబీజము చొంగలో నున్నదను సంగతి అంతటితో స్థిరపడెను. ఆపై డెబ్బదియైదేండ్లు గడచినను చెప్పుకొనదగిన ముందడుగు పడలేదు. 1879లో ఫ్రాన్సుదేశమునందలి లియాను పశువైద్యశాలలో ఉపాధ్యాయుడగు పియేరు విక్టరు గాల్తియే ఒక సంగతిని ప్రకటించెను. వెఱ్ఱికుక్క చొంగను కుందేలికి ఎక్కించినచో దానికిని ఈ వ్యాధి వచ్చును. కాని కుందేలు వెఱ్ఱెత్తి పైకి దూకదు. కాళ్లు పడిపోయి ఒకచోట పడియుండి మరణించును. కుక్కలో నెలలు పట్టు వ్యాధి కుందేలిలో సగటున 18 దినములలో బయటపడును. అది చౌకగ దొరకును, కొంచెము చోటులో నుండును, కఱచు భయము తక్కువ. రెండేండ్లకు గాల్తియే గొఱ్ఱెల నరములోనికి చొంగను ఎక్కించి వానికి వ్యాధి రాకుండ రక్షణ కలుగుటను గూడ చూపెను. లోకము ఇతని పేరును చాలవఱకు మఱచినది. ముందుగ బాట కొట్టినవాని పేరు తరువాత నడచినవాని పేరు క్రింద మఱుగుపడుట తఱచుగ జరుగునదే. నా మట్టుకు నేను ఈ చరిత్రను గాల్తియే పేరు లేకుండ చెప్పను.

లూయీ పాశ్చరు వైద్యుడు కాడు, రసాయనశాస్త్రజ్ఞుడు. పులియుట, పట్టుపురుగుల తెగుళ్లు, కోళ్ల కలరా, పశువుల దొమ్మ - వీనిపై పనిచేసి అప్పటికే ప్రసిద్ధుడైనవాడు. 1880 ప్రాంతమున అతడు వెఱ్ఱికుక్కల పనికి పూనుకొనెను. కట్టివేసిన కుక్క నోటినుండి గాజుగొట్టముతో, నోట పీల్చి, చొంగ తీసెనని అతని యల్లుడు వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది. కాని చొంగతో చేసిన ప్రయోగములు నిలుకడగ లేవు. ఒకమాఱు వ్యాధి వచ్చును, ఒకమాఱు రాదు. చొంగలో వేఱు క్రిములును ఉండును. వ్యాధి లక్షణములన్నియు మెదడునకు సంబంధించినవి గనుక బీజము అసలు నివాసము మెదడే కావలెనని అతడు ఊహించెను. అట్లయినచో మెదడునుండి తీసి మెదడునకే నేరుగ అందించినచో ఫలితము నిశ్చయముగ నుండవలెను.

అందులకు కుక్క పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేయవలెను. పాశ్చరునకు మనసొప్పలేదు. అతని శిష్యుడు ఎమీలు రూ అను వైద్యుడు గురువు లేని సమయమున కుక్కకు మత్తుమందిచ్చి ఆ పని చేసివేసెను. మఱునాడు సంగతి విని పాశ్చరు "అయ్యో, ఆ ప్రాణి యెట్లున్నదో" యని బాధపడెననియు, ఆ కుక్క ఎప్పటివలె వాసన చూచుచు తిరుగుట కన్నులార చూచి ఊఱట చెందెననియు రూ తరువాత వ్రాసెను. రెండు వారములలో ఆ కుక్కకు వ్యాధి వచ్చెను. అంతటినుండి ఫలితము తప్పలేదు. ఈ పద్ధతినే పిమ్మట కుందేళ్లపై నడపిరి.

ఇక్కడ ఒక వింత కనబడెను. వ్యాధితో చచ్చిన కుందేలి వెన్నుపాము నుండి తీసిన పదార్థమును రెండవ కుందేలికి, దానినుండి మూడవదానికి, ఇట్లు వరుసగ అందించుచు పోయినకొలది వ్యాధి బయటపడు గడువు తగ్గజొచ్చెను. మొదట రెండు వారములకు పైగా పట్టునది, కొన్ని పదుల తరములు దాటునప్పటికి ఏడు దినములకు దిగి అక్కడ నిలిచిపోయెను. మఱి యెన్ని కుందేళ్లను దాటించినను ఏడు దినములే. దానికి స్థిరవైరసు అని పేరు పెట్టిరి. రైతులకు ఇది తెలియని సంగతి కాదు. ఒక విత్తనమును ఒకే నేలలో పలుయేండ్లు విత్తుచు, ముందు పండినదానినే ఏరి మరల విత్తుచు పోయినచో ఆ విత్తనము ఆ నేలకు అలవాటుపడి ఒక స్థిరమైన గడువునకు పంటకు వచ్చును. కుందేలే ఇక్కడ నేల. ఆ నాడు పాశ్చరు ఈ విత్తనమును కన్నులతో చూచినవాడు కాడు. ఆ కాలపు సూక్ష్మదర్శినికి వైరసు అందదు. అది తుపాకిగుండు ఆకారమున నుండునని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో తెలియుటకు 1960 దశాబ్దము రావలసివచ్చెను. కనబడని దానిని కుందేలి శరీరమున పెంచి, కొలిచి, భద్రపఱచుటయే ఈ పనిలోని గొప్పదనము.

తరువాతి మెట్టు ఎండబెట్టుట. వ్యాధితో మరణించిన కుందేలి వెన్నుపామును దారముతో సీసాలో వ్రేలాడదీసి, తేమను పీల్చు పొటాషును అడుగున నుంచిరి. దినదినము ఎండినకొలది దాని విషశక్తి తగ్గి, రెండు వారములకు ఇంచుమించు పూర్తిగ పోయెను. ఇట్టి సీసాలను వరుసగ పెట్టినచో నేటిది మిక్కిలి ఘాటైనది, పదునాలుగు దినములనాటిది నిర్జీవమైనది, నడుమ అన్ని మెట్లును సిద్ధముగ నుండును. ముందు నిర్జీవమైనదానిని, తరువాత క్రమక్రమముగ ఘాటైనదానిని కుక్కలకు సూదితో ఎక్కించి వానికి తట్టుకొనుశక్తి కలిగింపజూచిరి. కాటు పడిన పిమ్మట వ్యాధి బయటపడువఱకు దొరకు ఆ గడువులోనే శరీరమును సిద్ధపఱచవచ్చుననుట ఈ చికిత్సలోని మూలసూత్రము. దొంగ ఊరిపొలిమేరలో నుండగనే కావలివారిని లేపుట వంటిది.

1885వ సంవత్సరము జులై 6వ తేదీన ఆల్సేసు ప్రాంతమునుండి ఒక తల్లి తొమ్మిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని పాశ్చరు ప్రయోగశాలకు వచ్చెను. బాలుని పేరు జోసెఫు మెయిస్టరు. రెండు దినములక్రితము వెఱ్ఱికుక్క అతనిని పడవేసి చేతులను కాళ్లను కఱచెను. వైద్యులు 14 గాయములు లెక్కించిరి. పాశ్చరు వుల్పియాను, గ్రాంషే అను వైద్యులను సంప్రతించెను. చావు తప్పదని వారు నిశ్చయించిన పిమ్మటనే, ఆనాటి సాయంకాలము, 15 దినములు ఎండిన కుందేలి వెన్నుపాము ద్రవమును గ్రాంషే బాలునకు సూదితో ఎక్కించెను. పది దినములలో 13 సూదులు. చివరిది ఒక్కదినము మాత్రము ఎండిన మిక్కిలి ఘాటైన మందు. బాలుడు బ్రతికెను. పెద్దవాడై పాశ్చరు సంస్థకే ద్వారపాలకుడుగ పనిచేసి 1940లో మరణించెను.

ఈ పది దినములలో ఆ బాలునితోపాటు మఱికొన్ని ప్రాణులు ఆ మందును పుచ్చుకొన్న సంగతిని మనలో చాలమంది వినియుండరు. బాలునకు ఏ దినమున ఏ సీసామందును ఎక్కించిరో, ఆ దినమున ఆ మందునే కుందేళ్లకును ఎక్కించిరి. మొదటి అయిదు దినముల మందు పుచ్చుకొన్న కుందేళ్లకు ఏమియు కాలేదు. చివరి దినముల మందు పుచ్చుకొన్న కుందేళ్లకు వ్యాధి వచ్చెను. అనగా చివరి సూదులలో నున్నది చంపగల విషమే. ముందరి సూదులవలన బాలుని శరీరము దానిని తట్టుకొని నిలిచినది. మనుష్యుని శరీరమున జరుగుదానిని కుందేలు ఇట్లు పక్కనుండి చదివి వినిపించెను.

ఇక్కడ ఒక విషయము దాచుట న్యాయము కాదు. ఈ చికిత్సకు ముందు 50 కుక్కలకు తప్పక రక్షణ కలిగించితినని పాశ్చరు ప్రకటించెను. అతని ప్రయోగశాల వ్రాతపుస్తకములను చాల కాలమునకు పిమ్మట పరిశీలించిన చరిత్రకారుడు గెరాల్డు గైసను 1995లో ఒక గ్రంథము ప్రకటించి, ఆ కుక్కలలో చాలవానిపై వాడిన పద్ధతి వేఱనియు, మెయిస్టరునకు వాడిన క్రమముతో చేసిన ప్రయోగములు అప్పటికి ముగియలేదనియు చూపెను. పాశ్చరు తనకున్న రుజువుకంటె ఎక్కువ రుజువున్నట్లు చెప్పెనన్నమాట. ఫలితము మంచిదైనంత మాత్రమున ఆ మాట సరియైపోదు. రుజువునకై వెదకు శాస్త్రము తన పెద్దల మాటను గూడ నూఱేండ్ల తరువాతనైనను రుజువు అడుగుటలో నాకొక తృప్తి కలదు.

మెయిస్టరు తరువాత అక్టోబరులో జూరా ప్రాంతపు పదునైదేండ్ల గొఱ్ఱెలకాపరి జుపీయు వచ్చెను. తోడి పిల్లలను కాపాడుటకై వెఱ్ఱికుక్కకు అడ్డముపోయి పెనగులాడి కాట్లు తినిన బాలుడతడు. అతడును బ్రతికెను. నవంబరులో పదేండ్ల లూయీజు పెల్లెతియే అను బాలికను తెచ్చిరి. తలపై లోతైన కాటు. కఱచి అప్పటికే 37 దినములు దాటెను. ఆలస్యమైనదని తెలిసియు పాశ్చరు కాదనలేకపోయెను. బాలిక డిసెంబరు మొదట చనిపోయెను.

శత్రువులకు కావలసినది ఇదియే. "కుక్క చంపలేదు, పాశ్చరు సూది చంపినది" అను మాట పుట్టెను. దీనికి జవాబు ఎట్లు? వాదమునకు వాదము చెప్పిన తీరదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇరుపక్షములవారును అనవచ్చును. నిజమైన కుందేలినే అడిగిరి. బాలిక మెదడునుండి తీసిన పదార్థమును కుందేళ్లకు ఎక్కించిరి. సూదిలోని స్థిరవైరసు ఆమెను చంపియున్నచో కుందేళ్లు ఏడు దినములలో పడిపోవలెను. అవి 18 దినములకు పడిపోయెను. అది వీధికుక్క కాటునుండి వచ్చిన వైరసు గడువు. బాలికను చంపినది సూది కాదు, కుక్కయేనని కుందేలు పలికెను. ఈ పరీక్ష ఆ తల్లిదండ్రులకు బిడ్డను తిరిగి యిచ్చునది కాదు. కాని ఆ దినమున చికిత్స ఆగిపోయినచో చనిపోవలసిన వందలమంది బిడ్డలను అది కాపాడెను.

1886 మార్చి 1వ తేదీ నాటికి 350 మంది చికిత్స పొందిరి. ఆ నెలలోనే రష్యాదేశపు స్మొలెన్స్కు నుండి వెఱ్ఱితోడేలు కఱచిన 19 మంది రైతులు పారిసు చేరిరి. తోడేలి కాటు కుక్క కాటుకంటె ప్రమాదకరము. ముగ్గురు మరణింపగా 16 మంది సజీవులై యిల్లు చేరిరి.

అయినను ప్రతిపక్షులు ఊరకుండలేదు. "బ్రతికినవారిని నిజముగ వెఱ్ఱికుక్కయే కఱచెనా?" అని వారు అడిగిరి. నేను ఇందాక మంత్రగాని గూర్చి అడిగిన ప్రశ్నయే ఇది, న్యాయమైన ప్రశ్న. మెయిస్టరును కఱచిన కుక్కను కోసి చూడగా కడుపులో గడ్డి, పుల్లలు కనబడెనట; ఆ కాలమున వెఱ్ఱికి అదియే గుర్తు. అది చాలదు. అందుచేత పాశ్చరు రోగులను మూడు పట్టీలుగ విభజించెను. కఱచిన కుక్క మెదడును కుందేలికి ఎక్కించి వెఱ్ఱి యని తేల్చినది మొదటి పట్టీ. పశువైద్యుడు వెఱ్ఱి యని వ్రాసి యిచ్చినది రెండవది. అనుమానము మాత్రమే యున్నది మూడవది. మొదటి పట్టీలోని ప్రతి పేరు వెనుక ఒక కుందేలు కలదు. ఇంగ్లండు ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమింపగా దాని కార్యదర్శి విక్టరు హార్సిలీ పాశ్చరు ప్రయోగములను తన చేతులతో మరల చేసి చూచెను. ఫలితములు సరిపోయెనని ఆ సంఘము 1887లో నివేదించెను. మంత్రమునకును శాస్త్రమునకును ఉన్న భేదము ఇదియే. ప్రతిపక్షి వచ్చి తన చేతితో చేసినను అదే ఫలితము రావలెను.

ఈ కుందేళ్ల వరుసలోని బీజము అంతట దేశదేశములకు ప్రాకెను. మన దేశమున 1900లో కసౌలీ కొండమీద మొదటి పాశ్చరు సంస్థ వెలసెను. 1907లో నీలగిరులలోని కూనూరులో దక్షిణదేశపు సంస్థ తెఱచిరి. దానికి అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్సు ఇచ్చిన దానము తోడ్పడెను. నాటి సర్కారు జిల్లాలును రాయలసీమయు మదరాసు రాజధానిలోనివి గనుక కుక్కకాటు తిన్న తెలుగువారికి మొదట ఆశ్రయమైనది ఆ కొండయే. మెట్టుపాలెమువఱకు రైలు, అక్కడినుండి కొండరైలు. దారిఖర్చు లేనివాని గతి యేమని మీరడుగవచ్చును. అదియే ప్రశ్న. అందుచేతనే కసౌలీలో డేవిడు సెంపిలు 1911లో ప్రకటించిన పద్ధతి మన దేశమునకు వరమయ్యెను. ఫినాలుతో వైరసును పూర్తిగ చంపి చేసిన ఆ టీకాను సీసాలలో నింపి దూరపు ఆసుపత్రులకు పంపవచ్చును. రోగి మందువద్దకు పోవుటకు మాఱుగ మందు రోగివద్దకు వచ్చెను. తరువాత దానిని గొఱ్ఱెల మెదడుతో చేయుచుండిరి. బొడ్డుచుట్టు పొడుచు పదునాలుగు సూదులు మీలో పలువురకు జ్ఞాపకముండును. నా చిన్ననాట మా వీధిపిల్లలు కుక్కకంటె ఆ సూదులకే ఎక్కువ జడియుచుండిరి. ఆ జడుపు ఉత్తిది కాదు. ఆ మందులోని మెదడు పదార్థము వలన ఎప్పుడో ఒకరికి కాళ్లుచేతులు పడిపోవుటయు కలదు.

ఆ టీకా అంతటను ఒకే బలముతో ఉన్నదా? 1940లో అమెరికాలో కార్లు హేబెలు టీకాబలమును చిట్టెలుకలపై కొలుచు పరీక్షను ప్రకటించెను. కొన్ని ఎలుకలకు టీకా వేసి, కొన్నిటికి వేయక, పిమ్మట అన్నిటికిని వైరసు నెక్కించి ఎన్ని నిలిచినవో చూచుటయే ఆ పరీక్ష. సీసాపైని చీటి చెప్పుదానికంటె ఎలుక చెప్పునది నమ్మదగినదని తేలెను.

కుందేలితో నేర్చిన ఈ విద్య ఇతర వ్యాధులకును ప్రాకినది. కొలదిగ చెప్పెదను. 1918లో వచ్చిన విషజ్వరము మన దేశమున కోటికి మించి ప్రాణములు తీసినది. దాని బీజమేదో ఆనాడు ఎవరును ఎఱుగరు. 1933లో లండనులో విల్సను స్మిత్తు, ఆండ్రూసు, లెయిడ్లా అను మువ్వురు రోగి గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అను ముంగిసవంటి జంతువు ముక్కులో వేయగా దానికి అచ్చముగ మనవంటి పడిసెము జ్వరము వచ్చి వైరసు చేజిక్కెను. తరువాత అట్టి జంతువొకటి స్టూవర్టు హారిసు అను వైద్యుని ముఖముపై తుమ్మగా ఆయనకును జ్వరము వచ్చినది. పచ్చజ్వరమునకు కోతులు తప్ప వేఱుజంతువు పనికిరాదని యెంచుచుండగా, 1930లో మాక్సు థైలరు చిట్టెలుక మెదడున ఆ వైరసును పెంచవచ్చునని చూపెను. 1937 నాటికి సిద్ధమైన అతని టీకా నేటికిని వాడుకలో నున్నది. 1951లో నోబెలు బహుమానము వచ్చెను. 2020లో కోవిడు వ్యాధి వచ్చినపుడు సిరియాదేశపు హామ్స్టరు అను బుగ్గసంచుల ఎలుకకు మనవలెనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చునని తెలిసి, మందులను టీకాలను దానిపై పరీక్షించిరి.

అయినచో చిన్నజంతువు చెప్పినదెల్ల వేదమా? కాదు. స్థిరవైరసు కథయే ఆ హెచ్చరికను చేయుచున్నది. కుందేలికి అలవాటుపడిన వైరసు వీధికుక్క వైరసు కాదు. గడువు మాఱినది, గుణము మాఱినది. ఎబోలా వైరసు పెద్ద ఎలుకలను సాధారణముగ చంపదు. దానిని ఎలుకలలో తరతరములు దాటించి ఎలుకకు అలవాటు చేసిన పిమ్మటనే చంపజొచ్చెను. అట్టి ఎలుకను కాపాడిన మందు కోతిని కాపాడకపోవుట కలదు. కుందేలు సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. ఒక సాక్షి మాటను రెండవ సాక్షి మాటతో సరిచూచుకొనుట పెద్దమనుష్యుల తీర్పులయందు ఎట్లో శాస్త్రమునందును అట్లే.

మఱియొక ప్రశ్న మీ మనస్సున మెదలుచుండవచ్చును. నోరులేని ప్రాణులను ఇట్లు బాధించుట ధర్మమా? ఈ ప్రశ్న అడుగనివాడు ఈ పనికి అర్హుడు కాడని నా యభిప్రాయము. రస్సెలు, బర్చి అను ఇరువురు ఆంగ్లేయులు 1959లో మూడు నియమములు చెప్పిరి: జంతువు లేకుండ పని జరిగినచో జంతువును వాడరాదు, వాడవలసివచ్చినచో వీలైనంత తక్కువ సంఖ్యలో వాడవలెను, వాడినపుడు బాధ తగ్గింపవలెను. మన దేశమున 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము క్రింద ఇట్టి ప్రయోగములపై పర్యవేక్షణ యేర్పడినది. కుక్కకాటు టీకా విషయమున మొదటి నియమము చాలవఱకు నెఱవేఱినది. గొఱ్ఱెమెదడు టీకా తయారీ 2005 నాటికి మన దేశమున నిలిచిపోయెను. నేడు వైరసును గాజుపాత్రలలో పెరుగు జీవకణములపై పెంచుచున్నారు. అట్టి టీకా మన హైదరాబాదునందే తయారగుచున్నది. కుందేలు తన సాక్ష్యము చెప్పి బోనునుండి దిగిపోయినది.

ఇంత జరిగినను ప్రపంచమున ఏటేట 59,000 మంది ఈ వ్యాధివలన చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలమంది ఆసియా ఆఫ్రికా ఖండముల పల్లెలవారు, అందులోను పిల్లలెక్కువ. మందు లేక చచ్చువారికంటె మందువద్దకు ఆలస్యముగ వచ్చి చచ్చువారే ఎక్కువయని నా నమ్మకము. పిల్లవాడు దెబ్బలకు భయపడి కాటును దాచును. తల్లి పసుపు అద్దును. ఎవరో ఒక మంత్రగాని పేరు చెప్పును. అంతలో పెల్లెతియే బాలికకు పోయినట్లు దినములు పోవును.

గ్రామమున మీ మాట చెల్లును గనుక మిమ్ము వేడుచున్నాను. కుక్క కఱచినను, గోరుతో గీరినను, ముందుగ ఆ గాయమును ధారగ పోయు నీటితో, సబ్బుతో పావుగంటసేపు కడిగింపుడు. సున్నము, కారము, పసరు పెట్టనీయకుడు. ఆనాడే ఆసుపత్రికి పంపుడు. టీకా ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ వేయుదురు. బొడ్డుచుట్టు కాదు, భుజముననో చేతి చర్మముననో నాలుగైదు పర్యాయములు మాత్రమే. వైద్యుడు చెప్పిన దినములలో ఒక్కటియు తప్పరాదు. కాటు లోతైనదైనచో గాయములోనే వేయు మఱియొక రక్షణమందు కలదు. దానిని అడిగి వేయింపుడు. ఊరికుక్కలకు ఏటేట టీకా వేయించు ఏర్పాటు పంచాయతీ చేయవలెను. వ్యాధి వచ్చు దారినే మూసివేయుట అన్నిటికంటె మేలు. మంత్రము వేయించుకొనవలెనను పట్టుదల ఎవరికైన నుండినచో సూది వేయించుకొని వచ్చిన పిమ్మట వేయించుకొమ్మని చెప్పుడు. పల్లెలో ఒక్క బిడ్డ సకాలమున ఆసుపత్రి చేరినను ఆ కుందేళ్ల ప్రాణములు వ్యర్థము కాలేదని నేను తలంతును.